దూలం ఆనే చోట గోడ కింద పునాది ఎంత వెడల్పు ఉండాలి?

పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే స్లాబు వేసే ఇళ్లకు పునాది గోతులు ఇల్లంతా ఒకే వెడల్పున తవ్వడం మన దగ్గర అలవాటు. మేస్త్రీ ముగ్గు పోస్తాడు, రెండున్నర అడుగులు అంటాడు, కూలీలు ఆ గీత వెంట తవ్వుకుంటూ పోతారు. గోడ మీద బరువు పొడవునా ఒకేలా ఉన్నంతవరకు దీనితో పేచీ లేదు. హాలు మధ్యలో దూలం వచ్చి దాని కొస గోడ మీద ఆనగానే లెక్క మారిపోతుంది. ఆ గోడలో జానెడు చోటు మీద పది పన్నెండు టన్నులు దిగుతాయి, పక్కనే రెండు మీటర్ల అవతల ఏమీ దిగదు. కింద పునాది మాత్రం రెండు చోట్లా అదే రెండున్నర అడుగులు.

ఇలాంటి చోట నేల ఒక్కసారిగా కుంగిపోవడం అరుదు. ఒకే గోడ కింద ఒక చోట నేల ఎక్కువ నలిగి, పక్కన తక్కువ నలుగుతుంది. ఇటుక గోడ వంగదు కాబట్టి పగులుతుంది. అందుకే నేల ఈ బరువును మోస్తుందా అని అడిగి ఊరుకుంటే చాలదు. పక్క నేలతో పోలిస్తే ఇక్కడ ఎంత ఎక్కువ నొక్కుతున్నాం అనేది కూడా అడగాలి.

కింది లెక్కంతా ఒక ఇంటి మీద చేద్దాం. హాలు 6 మీటర్ల పొడవు, 4.5 మీటర్ల వెడల్పు, అంటే సుమారు ఇరవై అడుగులకు పదిహేను. సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక దూలం. పైన మొదటి అంతస్తు వేసి, ఆ దూలం మీద తొమ్మిది అంగుళాల గోడ లేపి రెండు గదులు చేస్తారు. గోడలన్నీ తొమ్మిది అంగుళాలవే. దూలం కొస ఆనే పొడవాటి గోడల్లో ఒకదానికి కిటికీ ఉంది. దాని అంచు దూలం మధ్యగీతకు 90 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఈ కిటికీ సంగతి గుర్తుపెట్టుకోండి.

1. దూలం కొస దగ్గర ఎంత బరువు దిగుతోంది?

టన్నుల్లో లెక్క వేసుకుంటే చేతికి సులువు. ఒక టన్ను ఇంచుమించు 10 కిలోన్యూటన్లు. ఇటుక గోడ ఘనపు మీటరుకు సుమారు 2 టన్నులు, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు రెండున్నర టన్నులు.

దూలానికి రెండు వైపులా స్లాబులో సగం సగం, అంటే మొత్తం 3.1 మీటర్ల వెడల్పు బరువు దాని మీదికి వస్తుంది. మొదటి అంతస్తు స్లాబు అయిదు అంగుళాల మందం, పైన ఫ్లోరింగు, మనుషులూ సామానూ కలిపి చదరపు మీటరుకు 0.65 టన్ను. ఇళ్లలో మనుషులకూ సామానుకూ చదరపు మీటరుకు 0.2 టన్ను పట్టుకోవాలని ప్రమాణం. పై కప్పు స్లాబు 0.61. ఇక మీటరు పొడవు దూలం మీద పడే బరువులు: మొదటి స్లాబు 2.0, పై స్లాబు 1.9, పై గదుల మధ్య గోడ ప్లాస్టరుతో సహా 1.5, దూలం సొంత బరువు 0.25. మొత్తం 5.65 టన్నులు. ఆనే చోటుతో కలిపి దూలం పొడవు 4.7 మీటర్లు. అందులో సగం ఒక్కో కొసకు: 5.65 × 4.7 ÷ 2 = 13.3 టన్నులు. 14 అనుకుందాం.

అదే ఇంటికి పై అంతస్తు లేకపోతే ఈ అంకె 5 టన్నులకు కాస్త అటూ ఇటూగా ఆగుతుంది. ‘ఇప్పుడు ఒక అంతస్తే, తరవాత చూద్దాం’ అనే మాట ఇక్కడే ఖరీదవుతుంది. దూలాన్ని తరవాత జాకీలు పెట్టి మార్చుకోవచ్చు. పునాదిని మార్చడం దానికి పదింతల తలనొప్పి. పైన ఎప్పుడైనా కట్టే ఆలోచన ఉంటే పునాది లెక్కలో ఇప్పుడే వేసేయండి.

స్లాబు మీద నీళ్ల ట్యాంకు పెట్టేదీ ఈ దూలం మీదేనా అని కూడా అడగండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను.

2. ఆ బరువును ఇటుక ముందు తట్టుకోవాలి

చాలామంది నేరుగా పునాది దగ్గరికి దిగిపోతారు. పునాది దాకా బరువు క్షేమంగా చేరాలంటే ముందు దూలం కింద ఉన్న నాలుగు ఇటుకలు నలగకుండా ఉండాలి.

దూలం 23 సెంటీమీటర్ల వెడల్పు, గోడ మీద 23 సెంటీమీటర్లు ఆనింది. 14,000 కిలోలను 529 చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 26 కిలోలు. ఇటుక కట్టడాల ప్రమాణం ఐఎస్ 1905 ప్రకారం, చదరపు సెంటీమీటరుకు 50 కిలోల బలమున్న ఇటుకను మంచి సిమెంటు మాలుతో కట్టిన గోడ మీద పెట్టదగిన ఒత్తిడి 5 కిలోలే. ఒకే చోట పడే బరువు కింద దాన్ని సగం మేర పెంచుకోవచ్చు, 7.5 అవుతుంది. మనం పెట్టబోయేది 26. అంటే దూలం నేరుగా ఇటుక మీద ఆనకూడదు.

మందు బెడ్ బ్లాకు. దూలం కింద గోడ పూర్తి మందంలో, మీటరు పొడవు, ఒక అడుగు ఎత్తున ఇనుము వేసిన కాంక్రీటు దిమ్మ పోయండి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు కొన్ని ఇటుకల మీద పడే బరువును వాటికి నాలుగు రెట్ల ఇటుకలు పంచుకుంటాయి. 14,000 ÷ (100 × 23) = 6.1 కిలోలు. గోడ మీద అప్పటికే ఉన్న పైగోడ ఒత్తిడి సుమారు 0.9. మొత్తం 7.0, పరిమితి 7.5 లోపే.

ఇక్కడితో అయిపోలేదు. కాస్త కిందికి దిగి కిటికీ పక్కన మిగిలిన గోడ ముక్కను చూడండి. గది సగం ఎత్తులో ఈ 14 టన్నులు, పైగోడ, కిటికీ పైన ఉన్న గోడలో సగం, అన్నీ కలిసి ఆ ముక్క మీద చదరపు సెంటీమీటరుకు 4.8 కిలోల దాకా ఒత్తిడి తెస్తాయి. సన్నటి గోడ పక్కకు వంగే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఎత్తును మందంతో పోల్చి బలాన్ని తగ్గించాలి. మన గోడకు ఆ తగ్గింపు 0.89. అంటే 5 కిలోలు కాస్తా 4.45 అవుతాయి. వచ్చే ఒత్తిడి 4.8, పరిమితి దాటింది. రెండు దారులున్నాయి. ఆ అంతస్తుకు 75 కిలోల ఇటుక తెప్పించడం ఒకటి. దూలం కింద గోడకు పునాది నుంచే ఒక దిమ్మ కలిపి, అక్కడి మందాన్ని పదమూడున్నర అంగుళాలు చేయడం రెండోది. నాకు రెండోదే ఇష్టం. పాత ఇళ్లలో దూలం కింద గోడ ఉబ్బి కనిపించేది ఈ కారణం చేతనే. ఆ మేస్త్రీలకు కోడు నంబర్లు తెలియకపోవచ్చు, బరువు ఎటు నడుస్తుందో తెలుసు. అయితే దిమ్మ గదిలోకి నాలుగున్నర అంగుళాలు పొడుచుకు వస్తుంది. ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే మంచి ఇటుకే గతి. అప్పుడు బట్టీవాడి మాట మీద ఆధారపడకుండా కొన్ని ఇటుకలను ప్రయోగశాలకు పంపండి. మన లెక్కలో ఇకమీదట 75 కిలోల ఇటుకే, గోడ తొమ్మిది అంగుళాలే.

3. బరువు గోడలో ఎంత మేర విచ్చుకుంటుంది?

పునాది లెక్కకు గుండెకాయ ఇదే. బెడ్ బ్లాకు అంచుల నుంచి బరువు కిందికి దిగుతూ రెండు పక్కలా విచ్చుకుంటుంది. నిలువుగీత నుంచి 30 డిగ్రీలకు మించి విచ్చుకుంటుందని పట్టుకోకూడదని ఐఎస్ 1905 చెబుతుంది. అంటే మీటరు కిందికి దిగితే ఒక్కో పక్కా 58 సెంటీమీటర్లు. 45 డిగ్రీలు పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. అది కాంక్రీటుకు వాడే అలవాటు, ఇటుకకు తెచ్చుకోవద్దు.

మన ఇంట్లో బెడ్ బ్లాకు అడుగు నుంచి ఫ్లోరింగు దాకా 2.25 మీటర్లు, బేస్‌మెంటు 0.6. మొత్తం 2.85 మీటర్లు. ఒక్కో పక్క 1.64 మీటర్లు విచ్చుకుంటుంది. మీటరు బెడ్ బ్లాకుతో కలిపితే పునాది మీద 4.3 మీటర్ల పొడవున బరువు పరుచుకుంటుంది. 14 ÷ 4.3 = మీటరుకు 3.3 టన్నులు. కాగితం మీద ఎంత హాయిగా ఉందో చూడండి.

ఇప్పుడు కిటికీని గుర్తుతెచ్చుకోండి. దూలం మధ్యగీత నుంచి 90 సెంటీమీటర్లకే గోడ ఆగిపోయింది. అటువైపు విచ్చుకోవడానికి ఇటుకే లేదు. రెండో వైపు ఖాళీ గోడ ఎంత ఉన్నా దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోకండి. బరువు మధ్యగీతకు ఒక పక్క తక్కువ, ఒక పక్క ఎక్కువ పొడవు పట్టుకుంటే నేల మీద ఒత్తిడి సమానంగా పడదు, పొట్టి వైపే ఎక్కువ పడుతుంది. అందుకని తక్కువ ఉన్న వైపు కొలతే రెండు వైపులా తీసుకోండి. 0.9 + 0.9 = 1.8 మీటర్లు. 14 ÷ 1.8 = మీటరుకు 7.8 టన్నులు. ఒక్క కిటికీ, బరువు రెట్టింపు కంటే ఎక్కువైంది.

కిటికీ గట్టు కింద మళ్లీ గోడ ఉంది కదా, అక్కడి నుంచి విచ్చుకోదా? విచ్చుకుంటుంది. నేను మాత్రం లెక్కలో వేయను, దాన్ని చేతిలో ఉన్న భద్రతగా వదిలేస్తాను. అదే తలుపు అయితే ఆ ఆశ కూడా లేదు, తలుపు నేల దాకా ఉంటుంది. కాబట్టి ప్లాను మీదే, పెన్సిలుతో పని అయ్యేటప్పుడే, కిటికీని రెండడుగులు పక్కకు జరపండి. ఇంత చవకైన పునాది బలం ఇంకెక్కడా దొరకదు.

దూలం గోడ మూలకు దగ్గరగా ఆనితే బరువు అటువైపు వెళ్లాల్సిన గోడ మలుపు తిరిగి ఉంటుంది. అక్కడ ఫుటింగును, అంటే పునాది అడుగున పోసే వెడల్పాటి కాంక్రీటు పలకను, రెండు గోడల కిందా మడిచి పోయాలి. పక్కవాళ్ల హద్దు మీద ఉన్న గోడ అయితే పునాదిని బయటికి పెంచలేరు, లోపలికే పెంచితే గోడ ఒక అంచున నిలబడుతుంది. అలాంటి చోట దూలం దిశనే మార్చమని ఇంజినీరును అడగండి.

4. నేల ఏమంటోంది?

నేల భరించే శక్తి ఊహించే అంకె కాదు. గట్టి మొరం ఉన్న ఎర్రనేలకూ, గోదావరి, కృష్ణా డెల్టాల బంకమట్టికీ పోలికే లేదు. ఒకే వీధిలో ఒకప్పుడు కుంటగా ఉండి పూడ్చిన స్థలం ఒకటి ఉంటుంది. భూపరీక్ష చేయించి, ఎంత లోతున ఎంత శక్తి అని రాతపూర్వకంగా తీసుకోండి. నల్లరేగడి అయితే శక్తి అంకె బాగానే కనిపించినా నమ్మకండి. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే పొర దాటి కిందికి వెళ్లాలి, లేదా అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే, నేల లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. ఆ నేలకు ఈ వ్యాసంలోని ఫుటింగు సరిపోదు.

మన ఉదాహరణకు ఎర్రనేల, చదరపు మీటరుకు 15 టన్నులు అనుకుందాం.

5. వెడల్పు తేల్చడం

గోడ వరస బరువు ముందు చూద్దాం. రెండు అంతస్తుల గోడ, బేస్‌మెంటు, ప్లాస్టరు కలిపి మీటరుకు 3.4 టన్నులు. స్లాబంతా దూలం మీదికే వస్తుందని పట్టుకున్నాం కాబట్టి గోడ మీదికి అంచు బరువు 0.4. మొత్తం 3.8. పునాది సొంత బరువుకు పదో వంతు కలిపితే 4.2. రెండున్నర అడుగుల పునాది, అంటే 75 సెంటీమీటర్లు, నేల మీద పెట్టే ఒత్తిడి 5.6 టన్నులు. 15 భరించే నేలకు ఇది లెక్కే కాదు.

దూలం కింది 1.8 మీటర్లలో సంగతి వేరు. 3.8కి దూలం తెచ్చిన 7.8 కలపాలి. కిటికీ పైన ఉన్న గోడలో సగం బరువు కూడా ఈ ముక్క మీదే పడుతుంది, దానికి 0.6. మొత్తం 12.2, పదో వంతు కలిపితే 13.4. అదే రెండున్నర అడుగుల మీద పెడితే 17.9 టన్నులు. నేల శక్తి దాటింది. దానికంటే పెద్ద విషయం, పక్కన 5.6 ఉన్నచోట ఇక్కడ 17.9. మూడు రెట్లకు పైనే. పగులు వచ్చేది ఈ తేడాలోంచే.

నేల శక్తి ఒక్కటే చూస్తే 13.4 ÷ 15 = 0.9 మీటరు, మూడడుగుల వెడల్పు చాలు. అక్కడ ఆగకండి. పక్క ఒత్తిడికి సమానం చేయాలంటే 2.4 మీటర్లు కావాలి, అది అతి. పైగా ఒకే ఒత్తిడి దగ్గర వెడల్పాటి ఫుటింగు సన్నదాని కంటే కాస్త ఎక్కువే దిగుతుంది, కాబట్టి వెడల్పు పెంచుకుంటూ పోతే లాభం తరిగిపోతుంది. నాలుగడుగులు పెట్టండి, 1.2 మీటర్లు. ఒత్తిడి 11.2 టన్నులు. నేల శక్తికి హాయిగా లోపలే, తేడా రెండు రెట్లకు దిగింది. ఆ మిగిలిన తేడాను బేస్‌మెంటు మట్టంలో గోడ పొడవునా ఆగకుండా పోయే కాంక్రీటు దూలం, ప్లింత్ బీము, సర్దుకుంటుంది. ఇలాంటి ఇంట్లో ప్లింత్ బీము ఖర్చు తగ్గించుకునే చోటు కాదు.

డెల్టా బంకమట్టిలో నేల శక్తి 6 టన్నులే అని నివేదిక వస్తే ఇదే లెక్క సుమారు 2.25 మీటర్ల వెడల్పు అడుగుతుంది. అప్పుడు ఈ గోడను వదిలేసి ఆ దూలానికి పిల్లర్లు పెట్టుకోవడమే మర్యాద.

6. మందం, ఇనుము

ఫుటింగు 1.2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల పొడవు. పైన పునాది గోడ 45 సెంటీమీటర్ల మందం. ఒక్కో పక్క 37.5 సెంటీమీటర్లు బయటికి వస్తుంది. ఇనుము లేకుండా పోయాలంటే ఎంత మందం కావాలో కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456లో సూత్రం ఉంది. మన ఒత్తిడికి, ఎం20 కాంక్రీటుకు అది బయటికి వచ్చిన కొలతకు 1.12 రెట్లు అవుతుంది. 42 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర పోయాలి.

ఇనుము వేస్తే 25 సెంటీమీటర్లతో సరిపోతుంది. ఇక్కడ ఒక మెలిక. కాంక్రీటు పిల్లరు కింద అయితే ఫుటింగు వంపును (దాన్ని వంచే బలాన్ని) పిల్లరు ముఖం దగ్గర లెక్కిస్తాం. ఇటుక గోడ కింద అలా కాదు, గోడ అంచుకూ మధ్యగీతకూ నడుమ లెక్కించాలి. గోడ కాంక్రీటంత బిగువుగా ఉండదు కదా. అంటే చేయి పొడవు 37.5 కాదు, 48.75 సెంటీమీటర్లు. ఆ లెక్కన మీటరుకు 1.2 టన్ను-మీటర్ల వంపు వస్తుంది. దానికి కావలసిన ఇనుము సుమారు 230 చదరపు మిల్లీమీటర్లు. కనీస ఇనుము నిబంధన, ఫుటింగు అడ్డకోత వైశాల్యంలో 0.12 శాతం, 300 అడుగుతుంది. కాబట్టి అదే నిలుస్తుంది. గోడకు అడ్డంగా 10 మి.మీ. కడ్డీలు 20 సెంటీమీటర్లకు ఒకటి, గోడ వెంట 8 మి.మీ.వి 15 సెంటీమీటర్లకు ఒకటి. అడ్డం కడ్డీలే కిందికి రావాలి, వంపు అటే ఉంది. జాలీ తిరగేసి వేసిన ఫుటింగులు చూశాను, ఎవరూ అడగలేదు కూడా.

కడ్డీల కింద 50 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర, ఉండాలి, రాయి ముక్కలు కాదు, కవరు బిళ్లలు పెట్టండి. కడ్డీలు పరిచే ముందు నాలుగు అంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) తప్పదు. ఫుటింగు అడుగు, పక్క పునాది అడుగు ఒకే మట్టంలో ఉండాలి. ఇక్కడ బరువు ఎక్కువ కదా అని ఈ గోతిని ఇంకో అడుగు తవ్వేసి, లోతు ఎక్కువైందని మట్టి వేసి తొక్కించడం అన్నిటికంటే చెడ్డ పని. పొరపాటున ఎక్కువ తవ్వితే ఆ అడుగును పీసీసీతోనే నింపండి. గోతిలో వాన నీరు నిలిచి అడుగు మెత్తబడితే ఆ బురద పూర్తిగా తీశాకే పోయండి. పోశాక మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీకి (పొజోలానా కలిసిన సిమెంటుకు) 10 రోజులు తడి ఆరనివ్వకండి.

కట్టేసిన ఇంట్లో గోడ తీసి దూలం వేయాలనుకుంటే

లెక్క ఇదే, పని వేరు. పునాది సరిపోదని తేలితే గోడ కింద చిన్న చిన్న ముక్కలుగా తవ్వి వెడల్పు చేయాలి. ఒకసారికి మీటరు, మహా అయితే 1.2 మీటర్లు. పక్క ముక్కను అప్పుడే తవ్వకూడదు, ఒకటి వదిలి ఒకటి. పైన స్లాబుకు జాకీలు పెట్టాకే గడ్డపార నేలను తాకాలి. దీన్ని స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గర లేకుండా చేయించకండి, మేస్త్రీకి ఎంత అనుభవం ఉన్నా సరే.

ఇప్పటికే దూలం ఉన్న ఇంట్లో పగుళ్లు కనిపిస్తే అవి ఏం చెబుతున్నాయో చూడండి. దూలం కొస కిందనే నిలువుగా వెంట్రుక పగుళ్లు వస్తే ఇటుక నలుగుతోంది, బెడ్ బ్లాకు లేదని అర్థం. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా వాలుగా పోతే పునాది ఒక పక్క ఎక్కువ దిగుతోందని అనుమానించాలి. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలకను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. వానాకాలం దాటేదాకా గాజు విరగకపోతే కదలిక ఆగినట్టే.

కొత్త ఇంటివాళ్లకు ఒక చిన్న పని. ఫుటింగు మధ్యగీత, బెడ్ బ్లాకు మధ్యగీత, దూలం మధ్యగీత ఒకే నిలువులో ఉండాలి. పునాది పూడ్చాక ఆ నాలుగడుగుల వెడల్పు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. ఒక ఇంట్లో దూలం అచ్చు కడుతుండగా అడిగితే, ‘ఇక్కడేనండి సార్, సుమారుగా’ అన్నాడు మేస్త్రీ. తవ్వి చూస్తే రెండడుగులు పక్కన ఉంది. అందుకే గోతి పూడ్చక ముందే టేపు పట్టి, మూల గోడ నుంచి దూరం కొలిచి, ప్లాను మీద రాసుకోండి. బేస్‌మెంటు గోడ లేచాక ఆ గీత మీద ఒక మేకు కొట్టి, చుట్టూ ఎర్ర రంగు వేయించండి. పైన బెడ్ బ్లాకు పోసే రోజు తూకం గుండు ఆ మేకు మీదికి దిగాలి.